నువ్వు, మీరు, తమరు: ఎవరితో ఎలా మాట్లాడాలి? ఒక సమగ్ర మార్గదర్శి

జగిత్యాల దగ్గర ఒక బ్యాంకు శాఖకు బదిలీ మీద వెళ్ళిన మొదటి వారం. కౌంటర్ ముందు డెబ్భై ఏళ్ళ రైతు నిలబడ్డారు. తలకు తువ్వాల, చేతిలో నలిగిన పాస్‌బుక్. "బిడ్డా, నా ఖాతాల పైసలు పడ్డయా? జర చూసి చెప్పు" అన్నారు. నేను కోనసీమలో పుట్టి పెరిగినవాడిని. మా వైపు ముక్కూమొహం తెలియని మనిషి కౌంటర్ దగ్గరికొచ్చి "చెప్పు" అనడు, "చెప్పండి" అంటాడు. నాకు చురుక్కుమంది. "కూర్చోండి, పిలుస్తాను" అన్నాను ఆయన మొహం చూడకుండా, పాస్‌బుక్ పక్కకు తోస్తూ. ఆయన వెళ్ళి బెంచీ మీద కూర్చున్నారు.

సాయంత్రం మా అటెండర్ అన్నాడు: "మిమ్మల్ని బిడ్డా అన్నడు గద సార్. అంతకన్న ఏం గౌరవం గావాలె?"

సిగ్గుతో తల వంగిపోయింది. నేను 'కూర్చోండి' అన్న మాట నిజమే, కానీ నా గొంతూ చెయ్యీ ఆయన్ని తీసిపారేశాయి. ఆయన 'చెప్పు' అన్నమాటా నిజమే, కానీ కొడుకుని అడిగినట్టు అడిగారు. ఆ తర్వాత పార్వతీపురం, హిందూపురం కూడా తిరిగాను. రోజుకు వంద మందితో మాట్లాడే ఉద్యోగంలో తప్పులు చేస్తూ నేర్చుకున్నదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఇంగ్లీషులో ఒక్క 'యూ'తో ఊరందరితో మాట్లాడొచ్చు. తెలుగులో నోరు తెరిస్తే చాలు, 'రా' అనాలో 'రండి' అనాలో ముందే తేల్చుకోవాలి. ఎలాగూ తప్పదు కాబట్టి, తెలిసి తేల్చుకుందాం.

అడుగు 1: మాట్లాడే ముందు మూడు విషయాలు చూసుకోండి

ఎదుట ఎవరున్నారు? ఎక్కడున్నాం? పక్కన ఎవరు వింటున్నారు? ఈ మూడోదాన్ని చాలామంది మర్చిపోతారు. మీ చిన్ననాటి స్నేహితుడు ఇప్పుడొక బడిలో హెడ్‌మాస్టర్ అనుకోండి. ఇంట్లో "ఒరేయ్" అనుకోవచ్చు. బడికి వెళ్ళినప్పుడు పిల్లల ముందు "ఏరా" అంటే ఆయన కుర్చీకి ఇబ్బంది. అక్కడ "మాస్టారూ, ఒక్క నిమిషం ఉన్నారా" అనాలి. బయటికొచ్చాక మళ్ళీ "ఒరేయ్".

1960లో రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ అనే ఇద్దరు పరిశోధకులు ఐరోపా భాషల్లోని ఇలాంటి జంట సర్వనామాలను పరిశీలించి, వాటి వెనక రెండు లెక్కలు నడుస్తాయని చెప్పారు. ఒకటి అధికారం, రెండోది దగ్గరితనం. ఇది మనకూ సరిపోతుంది. అమ్మను నువ్వంటాం. "స్వామీ, నీవే దిక్కు" అని దేవుణ్ణీ నువ్వనే అంటాం. ఇంటి పాలేరునీ నువ్వంటాం. మొదటి రెండూ దగ్గరితనంతో వచ్చినవి, మూడోది అధికారంతో వచ్చింది. మాట ఒకటే, లెక్క వేరు. నువ్వు అనే ముందు, అది ఈ రెండింట్లో ఎక్కడి నుంచి వస్తోందో ఒక్క క్షణం చూసుకుంటే సగం పని అయిపోతుంది.

తేల్చుకోలేకపోతే 'మీరు'తో మొదలుపెట్టండి. మీరు నుంచి నువ్వుకు రావడం తేలిక. నువ్వు నుంచి మీరుకు వెళ్ళడం ఇద్దరికీ ఇబ్బందే.

అడుగు 2: ఏమని పిలవాలో ఖాయం చేసుకోండి

వాక్యం కంటే ముందు పిలుపు వెళ్తుంది. తెలుగువాళ్ళం ఊరంతటినీ వరసలు పెట్టి పిలుచుకుంటాం. అన్నా, అక్కా, బాబాయ్, పిన్నిగారూ, పెద్దమ్మా, తాతా. వయసు చూసి వరస పెట్టుకోండి, అందులో ఒక మెట్టు తక్కువ వయసు వైపు ఉంటే మంచిది. నలభై ఏళ్ళావిడను 'ఆంటీ' అంటే బాధపడతారు, 'అక్కా' అంటే పలుకుతారు. 'అమ్మా' ఏ వయసు స్త్రీకైనా సరిపోతుంది, చిన్నపిల్లలకు కూడా.

ఆఫీసుల్లో 'సార్', 'మేడం' స్థిరపడిపోయాయి. వాటితో గొడవ లేదు. పేరు తెలిసినప్పుడు పేరుకు 'గారు' చేర్చడం వాటికంటే వెచ్చగా ఉంటుంది: "లక్ష్మిగారూ, ఈ కాగితం ఒకసారి చూస్తారా?" పిలిచేటప్పుడు 'గారూ' అని దీర్ఘం తీయాలి. ఆ దీర్ఘం లేకపోతే హాజరు పిలిచినట్టుంటుంది. సొంత పేరుకు మాత్రం 'గారు' పెట్టుకోకూడదు. "నేను రమేష్‌గారిని మాట్లాడుతున్నా" అని ఫోన్‌లో అనేవాళ్ళున్నారు. గారు ఎదుటివాళ్ళు ఇచ్చేది.

పేరూ తెలియదు, వరసా తట్టలేదు. అప్పుడు 'ఏమండీ' చాలు. 'హలో', 'ఏయ్', 'ఇదిగో' కంటే ఎప్పుడైనా మేలు.

అడుగు 3: సర్వనామం, క్రియ కలిసి నడవాలి

ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. "మీరు ఇక్కడ సంతకం పెట్టు" అనే మాట నేను వందసార్లు విన్నాను. మొదలు మీరుతో, చివర నువ్వుతో. తెలుగులో వాక్యం చివరిమాటే మనసులో మిగులుతుంది కాబట్టి, విన్నవాళ్ళకు ఆ 'పెట్టు' ఒక్కటే గుర్తుంటుంది. సర్వనామం వదిలేసినా ఫర్వాలేదు, క్రియను సరిగ్గా పలకండి. "ఇక్కడ సంతకం పెట్టండి" అంటే ఇక మీరు అననక్కర్లేదు.

'రావడం' అనే ఒక్క క్రియ ఎన్ని మెట్లెక్కుతుందో చూడండి. రారా, రావే అనేవి బాగా దగ్గరివాళ్ళకూ చిన్నవాళ్ళకూ. రావోయ్ అనేది వయసులో కాస్త చిన్నవాడైన పరిచయస్తుడికి. ఈ మాట వాడుక తగ్గిపోతోంది, నాకు మాత్రం అందులోని చనువు ఇష్టం. తర్వాత రా, ఆపైన రండి. తెలంగాణలో రాండ్రి. ఇంటికొచ్చిన పెద్దలకు దయచేయండి. పిలుపు కార్డులో, సభా వేదిక మీద విచ్చేయండి. ఇంట్లో చుట్టాలొస్తే 'విచ్చేయండి' అనం. స్టేజీ మీద మంత్రిగారిని 'రండి రండి' అనీ అనం. మెట్టు తప్పితే కిందికి తప్పినా పైకి తప్పినా వెలితే.

'తమరు' ఇప్పుడు అర్జీల్లో, కొన్ని మఠాల్లో, దేవస్థానాల్లో తప్ప పెద్దగా వినబడదు. మామూలు మాటల్లో 'తమరు' అంటే దెప్పినట్టుంటుంది, వాడకండి.

ఎదుట లేని మనిషి గురించి మాట్లాడటం ఇంకో సంగతి. మగవాళ్ళకు వాడు, అతను, ఆయన, వారు అని నాలుగు మెట్లున్నాయి. ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి చిక్కు వస్తుంది. 'ఆమె వచ్చింది', 'ఆవు వచ్చింది', 'బస్సు వచ్చింది', మూడింటికీ క్రియ ఒకటే. మా మేనేజర్లు ఇద్దరుండేవారు, ఒకరు మగ, ఒకరు ఆడ. "సార్ వచ్చారు, మేడం వచ్చింది" అనేవాళ్ళు స్టాఫ్ అందరూ. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు, అలవాటు. కానీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కనబడుతుంది. ఆఫీసులో, బడిలో, రాతలో 'మేడం వచ్చారు' అనే అనండి. ఇంట్లో 'అమ్మ వచ్చింది' అనుకోవచ్చు, అది దగ్గరితనం లెక్క.

దినపత్రిక తీసి చూస్తే ఈ మెట్లన్నీ ఒకేచోట కనిపిస్తాయి. మొదటి పేజీలో మంత్రి 'అన్నారు', నేరవార్తలో దొంగ 'పారిపోయాడు', క్రీడల పేజీలో కోహ్లి సెంచరీ 'చేశాడు', సింధు 'గెలిచింది'. ఆటగాళ్ళను మనింటి పిల్లల్లా చూసుకుంటాం కాబట్టి అక్కడ ఏకవచనం ఎవరికీ తప్పనిపించదు.

సొంతవాళ్ళ గురించి బయటివాళ్ళతో చెప్పేటప్పుడు మీ ఇంటి పద్ధతి ఏదో దాన్నే పాటించండి. "మా నాన్న వచ్చాడు" అనే ఇళ్ళున్నాయి, "మా నాన్నగారు వచ్చారు" అనే ఇళ్ళున్నాయి. మొదటివాళ్ళకు తండ్రంటే గౌరవం తక్కువని అనుకుంటే పొరపాటు.

ఇక 'మనం'. తెలుగుకు దొరికిన వరం ఇది. 'మేము' అంటే ఎదుటివాళ్ళు బయట ఉంటారు, 'మనం' అంటే లోపలికి వస్తారు. "మీదే ఊరు?" అనే బదులు "మనదే ఊరండీ?" అని అడగడం పల్లెల్లో ఇప్పటికీ వింటాం. మంచి డాక్టర్లు "మాత్ర వేసుకో" అనరు, "ఈ మాత్ర అయిదు రోజులు వాడదాం" అంటారు. ఖాతాదారు ఫారం తప్పు నింపినప్పుడు "తప్పు రాశారు" అనే బదులు "ఇక్కడ మనం పుట్టిన తేదీ రాయాలండి" అని చూడండి. కలం ఆయన చేతిలోనే ఉన్నా, తప్పు ఆయన ఒక్కడి మీద పడదు.

అడుగు 4: ఊరు మారితే చెవి మార్చుకోండి

కోస్తాలో 'పో' అంటే కసురుకున్నట్టు. తెలంగాణలో 'పో' అంటే వెళ్ళు, అంతే. "ఇంటికి పోతున్నవా?" అని ప్రేమగానే అడుగుతారు, "పోయొస్తా" అని నవ్వుతూనే చెప్తారు. కోస్తా నుంచి వెళ్ళినవాళ్ళు నొచ్చుకునే మొదటి మాట ఇదే. నొచ్చుకోనక్కర్లేదు. మా గోదావరి జిల్లాల్లో ప్రతి మాటకూ 'అండి' తగిలిస్తాం: "ఆయ్, అలాగేనండి, రేపు వస్తానన్నారండి." ఇది వేరే ప్రాంతం వాళ్ళకు అతివినయంగా, ఒక్కోసారి నటనగా అనిపిస్తుంది. నిజానికి మాకది ఊపిరి పీల్చినంత మామూలు.

హిందూపురంలో "ఏమప్పా, బాగుండావా?" అని పలకరిస్తే ఆ 'అప్పా'లోనే మన్నన ఉంది. పార్వతీపురంలో "ఏటి బావూ, ఎలాగున్నావు" అంటే అదీ అంతే. తెలంగాణ పల్లెల్లో "పెద్దమ్మా, నువ్వెప్పుడొచ్చినవ్" అంటే పెద్దమ్మ అన్న మాటే గౌరవమంతా మోస్తుంది, క్రియకు ఆ భారం లేదు.

మరి మీరేం చేయాలి? వినేటప్పుడు వాళ్ళ కొలతతో వినండి. మాట్లాడేటప్పుడు మీ సొంత తెలుగులో, మీరుతో మాట్లాడండి. కొత్తగా వెళ్ళిన వారానికే వాళ్ళ యాస పట్టి మాట్లాడబోతే వెక్కిరిస్తున్నారనుకుంటారు. ఏళ్ళు గడిచాక దానంతటదే నాలుక మీదికొస్తుంది. నాకు 'జర' అలాగే వచ్చింది, ఇప్పటికీ పోలేదు.

అడుగు 5: అడగడం, కాదనడం, క్షమాపణ చెప్పడం

ఇంగ్లీషు 'ప్లీజ్'కు బదులుగా 'దయచేసి' అని బడిలో నేర్పుతారు. బోర్డుల మీద, ప్రకటనల్లో అది బాగానే ఉంటుంది. ఇద్దరు మనుషుల మధ్య "దయచేసి ఉప్పు ఇవ్వండి" అంటే నాటకంలో మాటలా ఉంటుంది. తెలుగులో వేడికోలు క్రియలోనూ, చిన్న మాటల్లోనూ ఉంటుంది. ఇవ్వు, ఇవ్వండి, ఇస్తారా, కాస్త ఇస్తారా, ఓసారి ఇవ్వగలరా. మెట్టు మెట్టుకూ మెత్తబడుతుంది. కోస్తాలో 'కాస్త', తెలంగాణలో 'జర', సీమలో 'రోంత', ఎక్కడైనా 'కొంచెం'. "జరగండి" అంటే బస్సులో గొడవ. "కొంచెం జరుగుతారా" అంటే చోటు.

కాదని చెప్పేటప్పుడు ముందు 'ఏమనుకోకండి' చేర్చి, కారణం ఒక్క వాక్యంలో చెప్పండి. "చూద్దాం లెండి" అని నాన్చకండి. మన దగ్గర చాలామందికి ఆ మాటే 'కాదు' అని అర్థమవుతుంది, కానీ నిజంగా ఆశ పెట్టుకుని మళ్ళీ తిరిగేవాళ్ళూ ఉంటారు. లోను రాదని తెలిసీ "చూద్దాం" అన్నందుకు ఒకావిడ ఇరవై కిలోమీటర్ల దూరం నుంచి మూడుసార్లు బస్సెక్కి రావడం నేను చూశాను.

థాంక్స్, సారీ ఇప్పుడు తెలుగు మాటలే. 'ధన్యవాదాలు' సభకు, ఉత్తరానికి సరిపోతుంది. ఇంట్లో, వీధిలో థాంక్సండీ అనొచ్చు, ఇంకా మంచిది ఆ పని పేరు చెప్పడం: "మీరు రాబట్టి సరిపోయింది", "సమయానికి చెప్పారు". క్షమాపణకూ అంతే. "సారీ అండి, నిన్న మిమ్మల్ని గంటసేపు నిలబెట్టాను" అంటే ఎందుకు చెప్తున్నారో మీకు తెలుసని వాళ్ళకు తెలుస్తుంది.

అడుగు 6: కష్టం, చావు దగ్గర మాట మార్చుకోండి

ఒక్క మరణానికే ఎన్ని మాటలున్నాయో! చచ్చాడు అనేది తిట్టులాంటిది. చనిపోయారు అన్నింటికీ సరిపోయే మాట. పోయారు, కాలం చేశారు అనేవి ఇళ్ళల్లో. కన్నుమూశారు, మరణించారు, దివంగతులయ్యారు అనేవి వార్తల్లో, రాతల్లో. వైష్ణవులు పరమపదించారంటారు, శైవులు శివైక్యం చెందారంటారు. కౌంటర్ దగ్గర నామినీగా వచ్చిన ఆవిడను "మీ ఆయన ఎప్పుడు చనిపోయాడు, డెత్ సర్టిఫికెట్ ఏది?" అని అడిగేవాళ్ళం. "మీవారు ఎప్పుడు కాలం చేశారమ్మా?" అని అడగడానికి అదనంగా పట్టే సమయం ఏమీ లేదు.

ఇళ్ళల్లో బియ్యం అయిపోతే 'నిండుకున్నాయి' అంటారు, దీపం ఆరిపోతే 'కొండెక్కింది' అంటారు. బయల్దేరేటప్పుడు 'వెళ్తాను' అనకుండా 'వెళ్ళొస్తాను' అంటారు. చావు జరిగిన ఇంటి నుంచి మాత్రం ఆ మాట చెప్పకూడదు. చెప్పకుండానే లేచి వచ్చేయాలి. అక్కడ నమస్కారాలూ, "బాగున్నారా"లూ ఉండవు. పక్కన కాసేపు కూర్చోవడమే పరామర్శ.

అడుగు 7: ఒళ్ళు ఏం చెబుతోందో చూసుకోండి

వ్యక్తిత్వ వికాసం క్లాసుల్లో "మన సంభాషణలో 93 శాతం మాటలు కానిదే" అని చెప్తుంటారు. ఆ లెక్క 1967లో ఆల్బర్ట్ మెహ్రాబియన్ చేసిన చిన్న ప్రయోగాల నుంచి వచ్చింది. విడి మాటలను రకరకాల గొంతులతో, ముఖకవళికలతో కలిపి, ఇష్టాయిష్టాలను ఎలా గుర్తిస్తారో చూసిన ప్రయోగాలవి. సంభాషణ అంతటికీ అది వర్తించదు, ఆయనా వర్తిస్తుందనలేదు. దాన్ని పక్కనపెట్టి, అందులో ఉన్న అసలు సంగతి తీసుకుందాం: మాట ఒకటి, గొంతు ఒకటి చెబితే జనం గొంతునే నమ్ముతారు. నా పాస్‌బుక్ సంగతి అదే.

నమస్కారం పెట్టేటప్పుడు చేతిలో ఫోన్ ఉంటే కింద పెట్టండి. ఒంటిచేత్తో పెట్టే నమస్కారం నమస్కారం కాదు. పెద్దవాళ్ళు గదిలోకొస్తే పూర్తిగా లేవలేకపోయినా, లేవబోయినట్టు కదలండి. డబ్బయినా కాగితమైనా కుడిచేత్తో ఇవ్వండి. పెద్దవాళ్ళకు ఇచ్చేటప్పుడు ఎడమచెయ్యి కుడి మోచేతికి ఆనిస్తే, మాట అక్కర్లేకుండానే మర్యాద తెలుస్తుంది. ఎవరికైనా కాలు తగిలితే వెంటనే చేత్తో తాకి కళ్ళకద్దుకుంటాం, ఆ పని ముందు జరిగిపోవాలి, సారీ తర్వాత. పిలిచేటప్పుడు ఒక వేలు ఆడించకండి, అరచెయ్యి మొత్తం కదపండి. పెద్దల ముందు కాలు మీద కాలు వేసుకోవడం పట్టణాల్లో ఇప్పుడెవరూ పట్టించుకోరు, పల్లెలో పట్టించుకుంటారు. తల పక్కకు ఊపి 'సరే' అనడం మనకు తెలుసు. విదేశీయులతో వీడియో కాల్‌లో ఉంటే మాత్రం 'యెస్' అని నోటితో చెప్పండి, వాళ్ళకా ఊపు అవునో కాదో తెలియదు.

కళ్ళలోకి సూటిగా చూడాలని ఇంటర్వ్యూ పాఠాల్లో చెప్తారు. ఇంటర్వ్యూకు అది సరే. పల్లెటూరి ముసలాయన చూపు దించుకుని మాట్లాడితే ఏదో దాస్తున్నాడనుకోకండి. గౌరవమో బెరుకో, రెండింట్లో ఒకటి.

నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నది ఒకటుంది. వేలిముద్ర వేసే ఖాతాదారులు వచ్చినప్పుడు మేము ఏం చేసేవాళ్ళమంటే, కౌంటర్ మీంచి చెయ్యి చాచి వాళ్ళ బొటనవేలు పట్టుకుని, ఇంకు ప్యాడ్ మీద అద్ది, కాగితం మీద నొక్కి వదిలేసేవాళ్ళం. ఒకరోజు ఒక పెద్దావిడ వేలు నా చేతిలో వణికింది. చూస్తే గోరు పక్కన కొడవలి గాటు, ఇంకా ఆరలేదు. నేను నొక్కింది దాని మీదే. ఆవిడ ఏమీ అనలేదు. మేం అడగం, వాళ్ళు చెప్పరు, దానికి అలవాటు పడిపోయిన చెయ్యి అది. అప్పటినుంచి "అమ్మా, వేలు పట్టుకోనా?" అని అడిగి, ఆవిడే చెయ్యి ముందుకు చాచేదాకా ఆగడం మొదలుపెట్టాను. తర్వాత తుడుచుకోవడానికి గుడ్డముక్క ఇవ్వాలి. చాలామంది చీరకొంగుకే తుడుచుకుంటారు, ఆ మరక పోదు.

అడుగు 8: ఫోన్‌లో

ఫోన్‌లో చేతులూ మొహమూ ఉండవు. ఉన్నది గొంతు ఒక్కటే. అందుకే 'ఊ కొట్టడం' అవసరం. 'ఊఁ', 'ఆఁ', 'అవునవును', బాధ చెప్పినప్పుడు 'ప్చ్' లేకపోతే అవతలివాళ్ళు "హలో, ఉన్నారా?" అంటారు. ముందు మీరెవరో చెప్పండి, తర్వాత "మాట్లాడటానికి వీలుగా ఉందా అండి?" అని అడగండి. పెట్టేసేటప్పుడు "ఉంటానండి" అని ఒక మాటనండి.

అడుగు 9: రాసేటప్పుడు

వాట్సాప్‌లో పెద్దవాళ్ళు నాలుగు వాక్యాలు రాస్తే ఒక్క బొటనవేలు గుర్తుతో సరిపెట్టకండి. "అలాగేనండి, సాయంత్రానికి పంపిస్తాను" అని రాయడానికి పది సెకన్లు. ఎవరైనా పోయారని తెలిస్తే గ్రూపులో అందరూ పెట్టిన బొమ్మే పెట్టకుండా, విడిగా రెండు మాటలు రాయండి: "నాన్నగారి సంగతి ఇప్పుడే తెలిసింది. రేపు పొద్దున వస్తున్నాను."

పెళ్ళి పిలుపుకు మన దగ్గర బొట్టు పెట్టి పిలవడం అన్నింటికంటే పెద్ద మెట్టు. ఇంటికెళ్ళి, ఇల్లాలికి బొట్టు పెట్టి, కార్డు చేతికిచ్చి చెప్పేది. ఆ పిలుపుకు కార్డు మీద అచ్చువేసిన 'విచ్చేసి ఆశీర్వదించ ప్రార్థన' సాటి రాదు. దూరం వల్ల కుదరకపోతే వాట్సాప్‌లో కార్డు పంపి ఊరుకోకుండా ఫోన్ చేయండి, "ఇదే బొట్టు పెట్టి పిలిచినట్టనుకోండి పిన్నీ" అనండి. పిన్నిగారు తప్పక వస్తారు.

అర్జీల విషయానికొద్దాం. "తమరి దివ్య సముఖమునకు వ్రాసుకొను విన్నపము ఏమనగా" అని ఇప్పటికీ రాయించుకుంటున్నారు, ఎమ్మార్వో ఆఫీసుల బయట కూర్చున్న రాతగాళ్ళ చేత. గిడుగు వెంకట రామమూర్తి (1863–1940) జీవితమంతా పోరాడింది వాడుక భాషలో రాసుకునే హక్కు కోసమే. ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. ఆంధ్రప్రదేశ్‌లో అధికార భాషా చట్టం 1966లో వచ్చింది. అయినా అర్జీ మాత్రం మోకాళ్ళ మీదే ఉంది. ఇలా రాస్తే చాలు:

"మండల అభివృద్ధి అధికారి గారికి, నమస్కారం. విషయం: మా వీధిలో దీపాలు వెలగకపోవడం. అయ్యా/అమ్మా, మా వీధిలో ఆరు దీపాలు నెల రోజులుగా వెలగడం లేదు. పోయిన సోమవారం ప్రజావాణిలో కూడా చెప్పాము. రాత్రిపూట ముసలివాళ్ళు పడిపోతున్నారు. వారం లోపల బాగు చేయించగలరని కోరుతున్నాను. ఇట్లు," కింద పేరు, ఊరు, ఫోన్ నంబరు, తేదీ.

ఒక కాగితానికి ఒకే విషయం. మర్యాద 'గారు'లో, 'కోరుతున్నాను'లో సరిపడా ఉంది. 'ప్రాధేయపడుచున్నాను' అక్కర్లేదు, వీధి దీపం దానం కాదు. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తయితే తెలుగులోనే రాయొచ్చు, ఎందుకు అడుగుతున్నారో కారణం చెప్పాల్సిన పనికూడా లేదు. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలని చట్టమే చెబుతోంది. "సమాచారం ఇవ్వవలసిందిగా కోరుతున్నాను" అని ముగించి సంతకం పెట్టండి.

అడుగు 10: మెట్టు మారేటప్పుడు

మీరు నుంచి నువ్వుకు రమ్మనే హక్కు పెద్దవాళ్ళది. "నన్ను మీరు అనకు, పరాయిదానిలా ఉంది" అని వాళ్ళనాలి. చిన్నవాళ్ళు సొంతంగా దిగకూడదు. ఉన్నట్టుండి నువ్వు నుంచి మీరుకు ఎక్కితే అది కోపం. మొగుడూపెళ్ళాల మధ్య "మీకు చెప్పేంతదాన్నా?" అనే మాట వచ్చిందంటే ఇంట్లో ఆ రోజు ఏదో జరిగిందని అర్థం.

అన్నింటికంటే కష్టమైన మార్పు, ఒకవైపే నడిచే నువ్వును ఆపడం. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు యాభై అయిదేళ్ళు. ఎనిమిదేళ్ళ పిల్లవాడు బాల్కనీలోంచి "ఏయ్, బంతి పైకి విసురు" అంటాడు. ఆయన "అలాగే బాబూ" అంటాడు. ఊళ్ళల్లో కులాన్ని బట్టి, తాతవయసు మనిషిని కూడా పిల్లలు ఏకవచనంలో పిలిచిన రోజులు మనకు తెలియనివి కావు. అదే ఇప్పుడు లిఫ్టెక్కి పై అంతస్తులకొచ్చింది. వంటావిడ, చెత్త తీసుకెళ్ళే అన్న, ఆటో డ్రైవర్, హోటల్లో నీళ్ళు పోసే కుర్రాడు. వాళ్ళు మిమ్మల్ని మీరంటున్నారా? అయితే మీరూ మీరనాలి. లేదా ఇద్దరూ నువ్వనుకునేంత దగ్గరవ్వాలి. నాకు తెలిసి మధ్యలో ఇంకో దారి లేదు.

మొదటి రెండు రోజులు నోరు తిరగదు. అవతలివాళ్ళకూ కొత్తగా ఉంటుంది, "నన్ను మీరంటారేంటమ్మా" అని నవ్వేస్తారు. మానకండి. వారానికి అలవాటవుతుంది. ముందు క్రియతో మొదలుపెడితే తేలిక: "కొంచెం ఇది పట్టుకుంటారా?"

పిల్లలకు నేర్పాలంటే

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పెరిగే పిల్లలు తాతగారిని "రా, కూర్చో" అంటారని తల్లిదండ్రులు బాధపడతారు. పిల్లల తప్పు లేదు. వాళ్ళ చెవిన పడే తెలుగంతా "రా, తిను, పడుకో" అని మీరు వాళ్ళతో అనేదే. 'రండి' అనే మాట వాళ్ళకు వినబడితే కదా! కాబట్టి వాళ్ళ ఎదురుగా మీరు ఒకరితో ఒకరు, చుట్టాలతో, ఫోన్‌లో పెద్దవాళ్ళతో తెలుగులో మాట్లాడండి. ఇంట్లో 'రండి' ఆట ఆడించండి: ఒక బొమ్మ తాతగారు, ఒక బొమ్మ తమ్ముడు, ఒక బొమ్మ టీచర్. ఒక్కొక్కరినీ భోజనానికి పిలవాలి.

ఆదివారం అమ్మమ్మకు ఫోన్ కలిపి ఇవ్వండి. అమ్మమ్మను నువ్వనొచ్చు, "అమ్మమ్మా, తిన్నావా?" చాలు. పక్కనే తాతగారు తీసుకుంటే "తాతగారూ, భోంచేశారా?" అనాలని ముందే చెప్పి ఉంచండి. తర్వాత వాళ్ళేం చెప్పినా, అర్థమైనా కాకపోయినా, మధ్యమధ్య ఊ కొట్టమనండి.